పందుల అండాశయ జీవక్రియ, సంతానోత్పత్తి

పందుల అండాశయ జీవక్రియ అనగా ఆడపంది తిన్న మేతలోని శక్తి, మాంసకృత్తులు, కొవ్వులు రక్తం ద్వారా అండాశయాలకు చేరి, అక్కడ పుటికల పెరుగుదలకు, అండాల పరిపక్వతకు, హార్మోన్ల తయారీకి వినియోగమయ్యే ప్రక్రియల సముదాయం. ఒంట్లోని నిల్వలు పెరిగినా తరిగినా ఆ ప్రభావం ఎదపైన, విడుదలయ్యే అండాల సంఖ్యపైన, బతికి బట్టకట్టే పిండాలపైన పడుతుంది. ఈ ప్రభావం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది తొలిచూలు పందిలో, అది పిల్లలకు పాలిచ్చే 3, 4 వారాల కాలంలో. అప్పుడు జరిగిన నష్టం వెంటనే బయటపడదు. పాలు మాన్పించిన తరువాత ఎద ఆలస్యమైనప్పుడో, రెండో ఈతలో పిల్లల సంఖ్య తగ్గినప్పుడో తెలుస్తుంది. కారణం తెలియని పెంపకందారు అటువంటి పందిని గొడ్డుపోయిందని భావించి కోతకు అమ్మివేయడం కద్దు.

అండాశయ నిర్మాణం

పంది ఒకే ఎదలో 15 నుంచి 20 వరకు, మేలుజాతులలో అంతకు మించి కూడా, అండాలను విడుదల చేస్తుంది. ఇన్ని పుటికలు ఒక్కసారిగా పైకి ఉబికి ఉండడం వలన ఎద సమయంలో పంది అండాశయం చిన్న ద్రాక్షగుత్తిలా కనిపిస్తుంది. ఎద చక్రం సగటున 21 రోజులు, ఎద కాలం 2 నుంచి 3 రోజులు, చూలు కాలం సుమారు 114 రోజులు.

ప్రతి పుటికలోనూ నడుమ అండం, దాని చుట్టూ కణికామయ కణాల పొర, ఆ వెలుపల రక్తనాళాలు గల మరొక పొర ఉంటాయి. కణికామయ పొరలోనికి రక్తనాళాలు చొరబడవు. కనుక అండానికి కావలసినదంతా పుటికలోని ద్రవం ద్వారా, చుట్టూ ఉన్న కణాల చేతుల మీదుగా అందవలసిందే. అండం గ్లూకోజును నేరుగా అంతగా వాడుకోలేదు. చుట్టూ ఉన్న కణాలు దానిని పైరువేటుగా మార్చి అండానికి అందిస్తాయి. రక్తం ద్వారా వచ్చే కొలెస్టరాల్ నుండి ఈ కణపొరలు ఈస్ట్రోజెన్‌ను, అండం విడుదలైన తరువాత అదే స్థానంలో ఏర్పడే కార్పస్ లూటియం ప్రొజెస్టెరాన్‌ను తయారుచేస్తాయి.

ఈ హార్మోన్ల చరిత్రలో పంది పాత్ర చాలామందికి తెలియనిది. 1934లో జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ బుటెనాంట్ సుమారు 50,000 ఆడపందుల అండాశయాల నుండి శుద్ధ ప్రొజెస్టెరాన్‌ను వేరుచేయగా దక్కినది దాదాపు 20 మిల్లీగ్రాములు మాత్రమే. మరుసటి సంవత్సరమే అమెరికాలో ఎడ్వర్డ్ డోయిజీ బృందం టన్నుల కొద్దీ పంది అండాశయాలను వడగట్టి కొద్ది మిల్లీగ్రాముల ఎస్ట్రాడయోల్‌ను సాధించింది. అండాశయం ఎంత స్వల్ప మోతాదులతో శరీరాన్ని నడిపిస్తుందో ఈ లెక్కలే చెబుతాయి.

పాలిచ్చే కాలం

ఆవు, గేదె పాలిస్తూనే ఎదకు వస్తాయి, చూలు కడతాయి. పంది సాధారణంగా అలా రాదు. పిల్లలు గంటకొకసారి చొప్పున పొదుగును కుడుస్తున్నంత కాలం ఆ స్పర్శ వలన మెదడులోని హైపోథాలమస్ అణగి ఉంటుంది. దాని ఆజ్ఞ లేనిదే పీయూష గ్రంథి నుండి ల్యూటినైజింగ్ హార్మోన్ తెరలు తెరలుగా వెలువడదు, అది లేనిదే పుటికలు చివరి దశకు పెరగవు. పాలు మాన్పించగానే ఈ అడ్డు తొలగి, ఆరోగ్యంగా ఉన్న పంది 4 నుంచి 7 రోజులలో ఎదకు వస్తుంది.

ఇక్కడే మేతకు సంబంధించిన చిక్కు ఉన్నది. పెద్ద తెల్ల యార్క్‌షైర్ వంటి మేలుజాతి పంది పదిమంది పిల్లలను సాకుతూ రోజుకు 8 నుంచి 10 కిలోల వరకు పాలివ్వగలదు. అంత పాలకు సరిపడే మేతను తొలిచూలు పంది తినలేదు. దాని పొట్ట చిన్నది, పైగా దాని సొంత ఎదుగుదల ఇంకా పూర్తి కాలేదు. లోటును పూడ్చడానికి అది తన కొవ్వును, తరువాత కండను కరిగించి పాలలో పోస్తుంది. అప్పుడు రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది, కాలేయం తయారుచేసే ఇన్సులిన్‌ను పోలిన పెరుగుదల కారకం తగ్గుతుంది, కొవ్వు కణాలు పంపే లెప్టిన్ కూడా తగ్గుతుంది. శరీరం కరవులో ఉన్నదని మెదడుకు చేరే వర్తమానం ఇదే.

ఇన్సులిన్, పెరుగుదల కారకం మెదడుతోపాటు నేరుగా అండాశయంపై కూడా పనిచేస్తాయి. కణికామయ కణాలకు వీటిని గుర్తించే గ్రాహకాలు ఉన్నాయి. ఇవి తగినంత ఉంటే కణాలు విభజన చెందుతాయి, పుటికలు నశించిపోకుండా నిలుస్తాయి. 1987లో అమెరికాలో ప్రచురితమైన ప్రయోగంలో, పుటికలు పెరిగే రోజులలో కన్నెపందులకు శక్తినిచ్చే మేత పెంచి, ఇన్సులిన్ సూదిమందు ఇవ్వగా విడుదలయ్యే అండాల సంఖ్య పెరిగింది.

కాలం లెక్క చూస్తే విషయం మరింత తేటపడుతుంది. పుటికలో ద్రవం చేరిన తరువాత అది అండం విడుదల చేసే 7, 8 మిల్లీమీటర్ల పరిమాణానికి రావడానికి సుమారు 3 వారాలు పడుతుంది. అంటే పాలు మాన్పించిన తరువాత వచ్చే ఎదలో విడుదలయ్యే అండాలు, తల్లి చిక్కిపోతున్న రోజులలోనే తమ పుటికలలో పెరుగుతూ వచ్చినవి. ఎద చూసి మేత పెంచితే సరిపోతుందనుకోవడం అందువలననే పొరపాటు.

కెనడాలో జరిగి 1997లో ప్రచురితమైన ఒక పరిశోధన దీనికి మంచి ఉదాహరణ. 28 రోజులు పాలిచ్చిన తొలిచూలు పందులలో కొన్నిటికి మొదటి మూడు వారాలు, మరి కొన్నిటికి చివరి వారం మాత్రమే మేత తగ్గించారు. చివరి వారంలో పస్తున్న పందుల అండాలు సరిగా పరిపక్వం కాలేదు. అంతకంటే ఆశ్చర్యం, వాటి పుటికల నుండి తీసిన ద్రవంలో వేరే పందుల అండాలను ఉంచినా అవి కూడా అంతగా పండలేదు. లోపం అండానికి పరిమితం కాలేదు, దానిని పెంచిన ద్రవంలోనూ ఉన్నది.

పాలిచ్చే కాలంలో శరీర బరువులో సుమారు 10 నుంచి 12 శాతానికి మించి కోల్పోయిన తొలిచూలు పందులలో ఎద ఆలస్యం కావడం, పిండాలు ఎక్కువగా నశించడం గమనించారు. మొదటి ఈతలో కంటే రెండో ఈతలో పిల్లలు పెరగకపోవడాన్ని రెండో ఈత లోపం అని వ్యవహరిస్తారు.

అండంలోని కొవ్వు

పంది అండాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే నల్లగా కనిపిస్తుంది. అందుకు కారణం దాని నిండా ఉన్న కొవ్వు బిందువులు. అండం పరిపక్వమయ్యేటప్పుడు, ఫలదీకరణం తరువాత తొలి రోజులలోనూ ఈ కొవ్వు ఇంధనంగా ఉపయోగపడుతుంది. అయితే ఇదే కొవ్వు వలన పంది పిండాలను చల్లబరచి భద్రపరచడం చాలాకాలం అసాధ్యంగా ఉండేది. 1995లో హిరోషి నగషిమా బృందం పిండంలోని కొవ్వును సూక్ష్మంగా తొలగించి, ఆ తరువాత గడ్డకట్టించి నిలపవచ్చునని చూపింది.

చూలు నిలిచిన తరువాత

దాటించిన 11, 12వ రోజుల ప్రాంతంలో పిండాలు ఈస్ట్రోజెన్‌ను వెలువరించి తమ ఉనికిని తల్లికి తెలియజేస్తాయి. ఆ సమయానికి గర్భాశయంలో కనీసం నాలుగు పిండాలైనా లేకపోతే చూలు సాధారణంగా నిలవదు. ఫలదీకరణం చెందిన వాటిలోనూ కొన్ని తొలి నెలలోనే నశించడం పందులలో మామూలే.

ఈ దశలో అతిగా మేపడం గురించి కొంత వాదం ఉన్నది. మేత పెరిగితే కాలేయానికి రక్తప్రసారం పెరిగి ప్రొజెస్టెరాన్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది. కన్నెపందులలో దీనివలన పిండనష్టం పెరిగిందని కొన్ని ప్రయోగాలు చూపగా, పాలిచ్చి చిక్కిన పందులకు దాటించిన తరువాత మేత పెంచితే నష్టం లేదని మరికొన్ని చూపాయి. పంది శరీర స్థితిని బట్టి నిర్ణయించుకోవడమే ఉచితం.

వేసవి ప్రభావం

పందికి చెమట పట్టి ఒళ్ళు చల్లబడదు. ఎండ ముదిరితే అది చేసే మొదటి పని మేత మానడం. 40 డిగ్రీలు దాటే తెలుగు నాటి వేసవిలో ఈనిన పంది మీద పాల భారం, ఎండ భారం రెండూ కలిసి పడతాయి. అందుచేత వేసవిలో ఈనిన పందులకు తెల్లవారుజామున, చీకటి పడ్డాక మేత పెట్టడం, నీరు ఎప్పుడూ అందుబాటులో ఉంచడం అవసరం.

మేపు పద్ధతులు

చిన్న పెంపకందారులు హోటళ్ల మిగులు కూడు, తవుడు, నూకలతో పందులను మేపుతుంటారు. చౌక కాబట్టి దీనిని తప్పు పట్టలేము. కాని మిగులు కూడులో నీటి పాలు ఎక్కువ. పాలిచ్చే పందికి దానితో పొట్ట నిండుతుంది గాని శక్తి చాలదు. మొక్కజొన్న, నూకలు శక్తినిస్తాయి గాని వాటిలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. లైసిన్ లోపిస్తే పంది తన కండను కరిగించుకుంటుంది. సోయా చెక్క, చేపల పొడి వంటివి కలిపితే ఈ లోటు తీరుతుంది. చూలు కాలంలో విపరీతంగా కొవ్వెక్కిన పంది ఈనిన తరువాత తక్కువ తింటుంది కనుక, ముందుగానే బలిపించి ఉంచుదామనే ఉపాయం బెడిసికొడుతుంది.

కన్నెపందులకు దాటించబోయే ముందు 10 నుంచి 14 రోజులు మేత పెంచితే అండాల సంఖ్య పెరుగుతుంది. చిక్కిపోయిన తొలిచూలు పంది విషయంలో మొదటి ఎదను వదలి రెండో ఎదలో దాటించే పద్ధతి ఉన్నది. 21 రోజుల మేత ఖర్చు అదనమైనా, ఈలోగా కొత్త పుటికలు మెరుగైన పోషణలో పెరుగుతాయి, ఈతలో పిల్లల సంఖ్య పెరుగుతుంది. అమ్మివేయదలచిన పందికి ఈ ఒక్క ఎద గడువు ఇచ్చి చూడడం వలన పెంపకందారుకు పోయేది ఆ మేత ఖర్చు మాత్రమే.