మనలి కర్మాగారము – ఇంజనీరింగు విద్య

చెన్నపట్టణపు ఉత్తరభాగమున మనలిలో చమురు శుద్ధి కర్మాగారము 1969లో పని నారంభించెను. నాటి సామర్థ్యము ఏటికి 25 లక్షల టన్నులు. ముడిచమురును కొలిమిలో దాదాపు 350 డిగ్రీలకు కాచి స్వేదనస్తంభమునకు పంపగా, తేలిక భాగములు ఆవిరియై పైకెగసి, వేరువేరు ఎత్తులలో చల్లబడి ద్రవములగును. ఇది విద్యార్థి చదివినదే. స్తంభమును ఒక పూట చూచివచ్చుట తీర్థయాత్రయే కాని చదువు కాదు. అగ్నిభయముగల చోట కవాటము త్రిప్పనీయకపోవుట న్యాయమే, లెక్కకట్టుటకు అడ్డేమి? ఇంధనపు వేడిలో చమురునకు చేరినదెంత, పొగగొట్టమున పోయినదెంత? కొలతలు తామే వ్రాసికొని, రసాయన, యంత్ర, విద్యుత్ శాఖల విద్యార్థులు కలిసి వాదించుకొన్నగాని ఇది తేలదు.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. గిండీ కళాశాలకు మూలమైన 1794 నాటి సర్వే బడిలో భూమిని కొలుచుచునే విద్య నేర్చిరి. ఆ కళాశాలలో 1943లో పట్టము గొన్న తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత, జమాల్‌పూరు రైల్వే కర్మశాలలో ఏడాది శిక్షణ పొందినగాని చదువు పూర్తికాలేదు. అనంతరము ఆమె భాక్రా నంగల్ విద్యుదుత్పాదక యంత్రముల పనిలో పాల్గొనెను.

1961 నాటి అప్రెంటిస్ చట్టము 1973 సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులకును వర్తించినది. కాని ఆ శిక్షణ సాధారణముగా పట్టము చేతికి వచ్చిన పిమ్మటనే. కొలిమియొద్ద పుట్టిన సందేహమును మరునాడు తరగతిలో అడుగ వీలగునట్లు, అందొక భాగమైనను చదువు నడుమకే రావలెను.