నడిచే కాళ్ళకు బొబ్బలు రాకుండా: బూట్లు, సాక్సులు ఎంచుకునే విధానం



మన బంగారుపాళ్యం చెన్నై–బెంగళూరు రహదారి మీద ఉన్నది గనుక ఈ దారిలో నడిచేవారిని మనం తరచుగా చూస్తూనే ఉంటాము. పలమనేరు వైపు నుండి మొగిలి ఘాట్ దిగి, చిత్తూరు మీదుగా తిరుమలకు పాదయాత్ర చేసేవారు ఉంటారు. సెప్టెంబరు 8వ తేదీ పండుగకు వేళాంగణికి కాలినడకన బయలుదేరేవారు ఉంటారు. పోలీసు సెలక్షన్ల కోసం తెల్లవారుజామున పరుగెత్తే పిల్లలు, "రోజూ నడవండి" అని డాక్టరుగారు చెప్పగా కొత్త బూట్లు కొనుక్కున్న షుగరు వ్యాధిగ్రస్తులు కూడా ఉంటారు. వీరందరూ వేర్వేరు పనుల మీద నడిచినా, డ్రెస్సింగు గదికి వచ్చేది మాత్రం ఎక్కువగా ఒకే బాధతో. అదే కాలి బొబ్బ.

బొబ్బ చిన్నదే. ఆరోగ్యంగా ఉన్నవారికి కొద్ది రోజులలో మానిపోతుంది. కానీ పాదాలలో స్పర్శ తగ్గిన షుగరు రోగికి అదే బొబ్బ పుండుగా మారి, ఆ పుండు ఎముక దాకా పోయి, చివరకు వేలునో పాదాన్నో తీసివేయవలసిన పరిస్థితి తేగలదు. అందుకే ఈసారి ఈ సంగతిని వివరంగా తెలియజేస్తున్నాము.

బొబ్బ ఎలా వస్తుంది?

చాలామంది బూటు చర్మాన్ని గీరడం వలన బొబ్బ వస్తుందని అనుకుంటారు. అసలు జరిగేది వేరు. అడుగు వేసినప్పుడు పాదం లోపలి ఎముక ముందుకు జరుగుతుంది. పై చర్మం మాత్రం సాక్సుకు, బూటుకు అతుక్కుని అక్కడే నిలిచిపోతుంది. ఈ లాగుడు ఒకే చోట మళ్ళీ మళ్ళీ జరిగితే చర్మపు పొరలు లోపల విడిపోతాయి. ఆ సందులోకి నీరు చేరుతుంది. అదే బొబ్బ. ఐదు కిలోమీటర్లు నడిస్తే ఒక్కొక్క పాదం సుమారు 3,000 సార్లు నేలను తాకుతుంది. అన్నిసార్లూ ఒకే చోట లాగితే చర్మం ఎంతని ఓర్చుకుంటుంది?

చెమటతో తడిసిన చర్మం పొడి చర్మం కంటే ఎక్కువగా అతుక్కుంటుంది. కాబట్టి తడి, వేడి, లాగుడు, ఈ మూడింటినీ తగ్గించడమే బొబ్బల నివారణ. సాక్సు తడిని చూసుకోవాలి, సరిపోయే బూటు లాగుడును చూసుకోవాలి.

సాక్సులు ఎంచుకోవడం

నూలు సాక్సులు ఒంటికి మంచివని మనకు అలవాటైన మాట. ఆఫీసుకు, బడికి, చర్చికి అవి బాగానే ఉంటాయి. దూరపు నడకకు మాత్రం నూలు చెమటను పీల్చి తనలోనే పట్టుకుంటుంది, త్వరగా ఆరదు. రెండు మూడు గంటలు నడిచేవారికి పాలిస్టరు, నైలాను, అక్రిలిక్ లేదా ఉన్ని కలిసిన సాక్సులు మేలు. నూలువే ఉంటే రెండో జత సంచిలో పెట్టుకుని మధ్యలో మార్చుకోండి.

సాక్సులు కొనేటప్పుడు ఈ సంగతులు చూడండి:

1. లోపలి వైపు తిప్పి వేళ్ళ దగ్గర కుట్టును తడిమి చూడండి. మందపాటి కుట్టు వేలిని ఒరుసుకుంటుంది. స్పర్శ తక్కువగా ఉన్నవారు కుట్టులేనివి తీసుకోవాలి.
2. సాక్సు పాదానికి ముడతలు లేకుండా సరిపోవాలి. మడమ దగ్గర సాగిపోయిన పాత సాక్సు మడతపడి బొబ్బ తెస్తుంది.
3. పైన ఎలాస్టిక్ పిక్క మీద లోతైన గుర్తు పడేంత బిగువుగా ఉండకూడదు.
4. షుగరు ఉన్నవారు తెలుపు లేదా లేత రంగు సాక్సులు వాడాలి. రక్తం గానీ చీము గానీ అంటితే వెంటనే కనబడుతుంది.

లోపల పలుచని సాక్సు, పైన మందపుది, ఇలా రెండు జతలు వేసుకునే పద్ధతి కూడా ఉంది. అప్పుడు రాపిడి చర్మం మీద కాక, రెండు సాక్సుల మధ్య జరుగుతుంది. అయితే బూటులో అందుకు చోటుండాలి. లేకపోతే బిగువు వలన మేలుకంటే కీడే ఎక్కువ.

బూట్లు సరిచూసుకోవడం

బూట్లు సాయంత్రం పూట కొనండి. పగలంతా నిలబడి, నడిచిన పాదం సాయంత్రానికి కొంత ఉబ్బుతుంది. ఉదయం సరిపోయిన బూటు సాయంత్రం నొక్కుతుంది. నడకలో వేసుకోబోయే సాక్సులతోనే అంగడికి వెళ్ళండి. రెండు పాదాలు అచ్చంగా ఒకే కొలత ఉండవు. పెద్ద పాదానికి సరిపోయే నంబరు తీసుకోవాలి.

కూర్చుని కాదు, లేచి నిలబడి చూసుకోవాలి. అన్నిటికంటే పొడవైన వేలికీ బూటు కొసకూ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. కొందరికి పొడవైనది బొటనవేలు కాదు, రెండో వేలు. ఖాళీ లేకపోతే ఘాటు రోడ్డు దిగేటప్పుడు వేళ్ళు ముందుకు గుద్దుకుని గోళ్ళు నల్లబడతాయి. వెడల్పు కూడా ముఖ్యమే. చిటికెన వేలు పక్కకు నొక్కుకుపోకూడదు. నడిచి చూసినప్పుడు మడమ పైకీ కిందికీ జారకూడదు. మన దగ్గర వాడే నంబర్లలో ఒక నంబరుకూ తరువాతి నంబరుకూ తేడా సుమారు 8 మిల్లీమీటర్లు. కాబట్టి "ఒక నంబరు అటూ ఇటూ పరవాలేదు" అని అంగడిలో చెప్పినా ఒప్పుకోకండి.

ఇంటికి తెచ్చిన కాగితం మీద పాదం పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ బొమ్మ మీద బూటు పెట్టి చూడండి. గీత బూటు బయటకు వస్తే ఆ బూటు మీకు ఇరుకు.

కొత్త బూట్లతో నేరుగా యాత్రకు బయలుదేరవద్దు. మొదట ఇంట్లో అరగంట, తరువాత ఊరిలో ఒక గంట, ఇలా పెంచుకుంటూ కనీసం రెండు వారాలు వాడిన తరువాతనే దూరం నడవాలి. పోలీసు సెలక్షన్లకు వెళ్ళే పిల్లలకు ఇది ముఖ్యంగా చెప్తున్నాము. పరుగు రోజున కొత్త బూట్లు వద్దు.

దారిలో జాగ్రత్తలు

బొబ్బ వచ్చే ముందు ఆ చోట చురుకుమంటుంది, ఎర్రబడుతుంది. "ఊరు చేరాక చూద్దాంలే" అనుకోకుండా అక్కడే ఆగి, బూటు విప్పి, ఇసుక దులిపి, పాదం ఆరబెట్టి, ఆ చోట పేపర్ టేపు అంటించండి. ఆసుపత్రిలో సెలైన్ సూది కదలకుండా అంటించే తెల్లని టేపే అది. మందుల షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు 250 కిలోమీటర్ల పరుగుపందెంలో పాల్గొన్న 128 మందికి ఈ టేపుతో పరీక్ష చేశారు. వారిలో 98 మందికి టేపు వేసిన చోట బొబ్బ రాలేదు. టేపు లేని చోట 81 మందికి వచ్చింది. వ్యాసలీను రాస్తే మొదట జారుడుగా ఉంటుంది, తరువాత చర్మం మెత్తబడి రాపిడి పెరుగుతుంది. దాని మీదనే ఆధారపడవద్దు.

మొక్కు వలన చెప్పులు లేకుండా నడిచేవారు ఉన్నారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కేముందు చాలామంది చెప్పులు విడుస్తారు. వారి భక్తిని మేము గౌరవిస్తాము. అయితే మిట్టమధ్యాహ్నపు తారురోడ్డు పాదాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది. తెల్లవారుజామున, సాయంత్రం నడిచి, మధ్యాహ్నం నీడలో విశ్రాంతి తీసుకోండి. షుగరు వలన పాదాలు తిమ్మిరెక్కినవారు ఒట్టి కాళ్ళతో నడవనే కూడదు. కాలుతున్న సంగతే వారికి తెలియదు.

బొబ్బ వచ్చిన తరువాత

చిన్న బొబ్బను చిదపవద్దు. పైనున్న చర్మమే దానికి మంచి కట్టు. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డతో కప్పండి. సూదీ దారం గుచ్చి దారం లోపలే వదిలేయడం మన పల్లెల్లో ఉన్న అలవాటు. ఆ దారం వెంటనే క్రిములు లోపలికి పోతాయి. కాఫీ పొడి, టూత్‌పేస్టు, సిరా వంటివి పూయవద్దు. నడవలేనంత పెద్ద బొబ్బ అయితే ఆసుపత్రికి రండి. శుభ్రమైన సూదితో అంచున నీరు తీసి, చర్మం అలాగే ఉంచి కట్టు కడతారు. చుట్టూ ఎర్రదనం పాకడం, చీము, జ్వరం, గజ్జలో బిళ్ళ కట్టడం కనబడితే ఒక్క రోజు కూడా ఆగవద్దు. షుగరు ఉన్నవారు ఎంత చిన్న బొబ్బ అయినా అదే రోజు చూపించుకోవాలి.

నొప్పి అనే కాపలా

మనకు దగ్గరనున్న వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి 1946లో వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్‌గారు కుష్ఠు రోగుల పాదాలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. వారి కాళ్ళు వాటంతట అవే కుళ్ళిపోవడం లేదనీ, నొప్పి తెలియక రోజూ దెబ్బ తింటున్నాయనీ ఆయన చూపించారు. మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు ఆ అవగాహన నుండి వచ్చినవే. నేడు స్పర్శ తగ్గిన షుగరు రోగులకు కూడా అవే చెప్పులు ఇస్తున్నారు. నొప్పి దేవుడు పెట్టిన కాపలావాడు. ఆ కాపలావాడు లేనివారు ప్రతి రాత్రీ కళ్ళతో కాపలా కాయాలి. పడుకునే ముందు అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి. వంగలేనివారు అద్దం పెట్టి చూసుకోవాలి, లేదా ఇంట్లో పిల్లలను చూడమనాలి. బూటు తొడిగే ముందు చెయ్యి పెట్టి లోపల రాయి, మొల ఉన్నాయేమో తడమాలి.

మన ప్రభువు శిష్యుల పాదాలను తన చేతులతో కడిగాడు. ఇంట్లో పెద్దవారి పాదాలను రోజూ ఒకసారి చూడడం మనకు కూడా చిన్నతనం కాదు. మీ అడుగులను దేవుడు కాపాడును గాక.