ఇంటి విద్యుత్తు – ఆంప్లిఫయరు రక్షణ

ఆంప్లిఫయరు వంటి శబ్దపరికరము కాలిపోయినప్పుడు "కరెంటు ఎక్కువ వచ్చినది" అనుట వాడుక. ఆ ఒక్క మాటలో వేర్వేరు వ్యాధులు ఇమిడియున్నవి. ఒకదాని మందు మరియొకదానికి పనిచేయదు.

మన దేశములో ఇండ్లకు వచ్చునది 230 ఓల్టుల ఏకాంతర విద్యుత్తు. సెకనుకు 50 ఆవృత్తులు. అనగా ఒక్కొక్క ఆవృత్తికి 20 మిల్లీసెకనులు. సమీపమున పిడుగు పడినప్పుడు తీగలలో పుట్టు ఉప్పెన అందులో స్వల్పభాగములోనే, మైక్రోసెకనులలో, వేల ఓల్టులకు ఎగసి తగ్గిపోవును. స్టెబిలైజరులోని రిలే కదలుటకే మిల్లీసెకనులు పట్టును గనుక అది ఇక్కడ నిరుపయోగము. దీనికి తగినది వారిస్టరు. జింక్ ఆక్సైడు పొడిని కాల్చి చేసిన ఈ చిన్న బిళ్ళ మామూలు ఓల్టేజి వద్ద విద్యుత్తును దాదాపు పోనీయదు. హద్దు మీరగానే దారి యిచ్చి ఉప్పెనను ప్రక్కకు మళ్ళించును. సర్జ్ ప్రొటెక్టరు బోర్డులలో సాధారణముగా ఉండునది ఇదే. అయినను ఉరుములు వినబడగానే ప్లగ్గును, ఏరియల్ తీగను ఊడదీయుటకు మించిన రక్షణ లేదు. స్విచ్చు ఆపినంత మాత్రమున చాలదు. దానిలోని ఖాళీ కొద్ది మిల్లీమీటర్లే.

రెండవ ప్రమాదము మరింత మోసకరమైనది. వీధి స్తంభముపై మూడు ఫేజులు, ఒక న్యూట్రలు ఉండును. సాధారణముగా ఒక్కొక్క యింటికి ఒక ఫేజు, న్యూట్రలు ఇత్తురు. రెండు ఫేజుల నడుమ సుమారు 400 ఓల్టులు. న్యూట్రలు ఎక్కడనో తెగినచో వేర్వేరు ఫేజులపై నున్న రెండిండ్లు శ్రేణిలో చేరి ఆ 400 ఓల్టులను పంచుకొనును. (మూడవ ఫేజును ప్రస్తుతము విడిచిపెట్టుదము.) ఒక యింట 1000 వాట్ల హీటరు, నిరోధము సుమారు 53 ఓములు. ఆంప్లిఫయరున్న రెండవ యింట వాడకము 100 వాట్లు. దానిని కేవల నిరోధముగా భావించినచో 529 ఓములు. ఓమ్ సూత్రము నేర్చిన విద్యార్థి లెక్క కట్టి చూడవచ్చును: హీటరుకు 36 ఓల్టులే దక్కును, ఆంప్లిఫయరుపై 364 ఓల్టులు పడును! తక్కువ వాడుకొను యింటికే ఎక్కువ దెబ్బ.

ఇది క్షణములో పోవునది కాదు. నిమిషముల తరబడి నిలిచినచో వారిస్టరే వేడెక్కి కాలిపోవును. ఫ్యూజు ప్రవాహమును గుర్తించునే గాని ఓల్టేజిని గుర్తించదు. అది కరగునప్పటికి లోపలి ట్రాన్సిస్టరులు చెడియుండవచ్చును. ఓల్టేజి హద్దు దాటగానే సరఫరాను తెంచు రిలే ఇక్కడ కావలెను. అది లేని యింట ఫంకా అకారణముగా వేగము పుంజుకొన్నచో వెంటనే మెయిన్ స్విచ్చు ఆపవలెను.

ఇక ఎర్తు సంగతి. రెండు పరికరములను కలిపినప్పుడు స్పీకరులో 'గుయ్' మని రొద వచ్చుట కద్దు. రెండును వేర్వేరు చోట్ల ఎర్తు అయినప్పుడు ఆ తీగల చుట్టులో పారు స్వల్ప ప్రవాహము దీనికొక కారణము. కొందరు ఎర్తు పిన్నును తీసివేసి రొదను మాన్పుదురు. తరువాత లోపలి తీగ ఏదైనను ఇనుప పెట్టెకు తగిలినచో దానిని ముట్టినవారికి ప్రాణాపాయము. రెంటిని ఒకే బోర్డునకు తగిలించి చూచినచో తరచుగా ఆ రొద తగ్గిపోవును.