పొలమారలేని రోగి

భోజనము చేయుచుండగా మెతుకు దారి తప్పినచో మనకు పొలమారును. దగ్గు వచ్చును, కన్నుల నీరు తిరుగును, ప్రక్కనున్న పెద్దమ్మ నడినెత్తిని తట్టి యెవరో తలచుకొనుచున్నారనును. తలచుకొన్నవా రెవరైనను గానిండు, ఆ పొలమారుటయే మన యూపిరితిత్తులకు కావలి. గొంతులో రెండు దారులున్నవి. వెనుకది అన్నవాహిక, ముందరిది శ్వాసనాళము. మ్రింగునపుడు శ్వాసనాళముపై మూత పడును. మూత తప్పి యేదైన లోనికి జారినచో దగ్గు దానిని వెలికి నెట్టును.

ఆస్పత్రిలో ఐ.సి.యు. అను గదియందు వెంటిలేటరు యంత్రముపై నున్న రోగికి ఈ కావలి లేదు. నోటిగుండ శ్వాసనాళములోనికి దింపిన గొట్టము ఆ మూతను మూయనీయదు. నిద్రమందుచే దగ్గు అణగియుండును. గొట్టము చుట్టును గాలిబుడగ యొకటి యుండి సందును మూయును గాని, దానిపై నిలిచిన లాలాజలము నోటిలోని సూక్ష్మక్రిములతో గూడ కొంచెము కొంచెముగా ప్రక్కలనుండి దిగుచునే యుండును. యంత్రముపై నుంచి రెండు దినములు దాటిన పిమ్మట ఇట్లు కలుగు న్యుమోనియాకు వైద్యులు వేఱుగా పేరు పెట్టిరి. రోగి యే వ్యాధితో వచ్చెనో అది యొకటి, ఇది దానిపై వచ్చి పడునది.

1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులో పోలియో ప్రబలినపుడు, ఇబ్సెను అను వైద్యుడు గొంతునకు రంధ్రముచేసి గొట్టము పెట్టించగా, వైద్యవిద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్లు చేతులతో గాలితిత్తి నొత్తి రోగుల ప్రాణములు నిలిపిరి. నేటి ఐ.సి.యు.లకు అదియే నాంది.

బడిపంతులు వైద్యము చెప్పుట యేమని పెద్ద లడుగవచ్చును. వైద్యము వైద్యులదే, విషయమును విడమరచుట మాత్రము మా వృత్తి.

ఇక నన్నము మాట. లంఘనము పరమౌషధమని మనవారందురు. బలముగలవాడు జ్వరమునకు రెండుపూటలు మానుటకు ఆ మాట తగునేమో గాని యంత్రముపై నున్నవానికి తగదు. వాని దేహము తన కండను తానే కరగించుకొనుచుండును. ఇంగ్లండులో 63 మంది రోగులను కొలిచి 2013లో ప్రకటించిన పరిశీలనలో, పది దినములలో తొడకండ ఆఱవవంతునకు మించి తఱిగెను. ఊపిరి పీల్చు కండయు నట్లే బలహీనపడును. అది బలహీనమైనచో యంత్రమును విడుచుట ఆలస్యమగును, ఆలస్యమైనకొలది న్యుమోనియా భయము పెరుగును. అన్న మొక్కటియే ఈ తరుగుదల నాపజాలదు, ఉపవాసము మాత్రము దానికి తోడుపడును. కావున రక్తపుపోటు నిలుకడకు వచ్చినచో మొదటి 24 మొదలు 48 గంటలలోపల ముక్కుగొట్టముద్వారా ద్రవాహారము మొదలు పెట్టుదురు. ప్రేగులు పనిచేయుచుండగా రక్తనాళముద్వారా పోషించుటకంటె నిదియే మేలని వైద్యుల మతము.

"ఇంత కొంచెమా పెట్టునది?" యని బంధువులు నొచ్చుకొందురు. 2023లో ఫ్రాన్సునుండి వెలువడిన పరిశీలనలో మూడువేలమందికి పైగా రోగులు, యంత్రముపై నుండి రక్తపుపోటు పడిపోయినవారు, చేర్చబడిరి. మొదటివారము తక్కువ ఆహారము పొందినవారు ఎక్కువ పొందినవారికంటె అధికముగా చనిపోలేదు, సరిగదా ఐ.సి.యు. విడుచుటకు కొంచెము ముందుగనే సిద్ధమైరి. అతిథికి వడ్డించినట్లు రోగికి వడ్డింపరాదు. దీర్ఘకాలము పస్తున్నవానికి ఒక్కసారిగా హెచ్చు ఆహారము పెట్టినచో రక్తములోని లవణములు తారుమారై ప్రాణాపాయమే కలుగవచ్చును.

ఆహారము కడుపులో నిలిచియుండక పైకి వచ్చినచో అదియు ఊపిరితిత్తులకే చేరవచ్చును. దీనికి మందు చాల సులభము, మంచము తలవైపు నెత్తుట. స్పెయినుదేశమున బార్సెలోనాలో 86 మంది రోగులను రెండు తెగలుగా విభజించి చూచిరి. 1999లో ప్రకటించిన ఫలిత మిది: వెల్లకిల పరుండబెట్టిన 47 మందిలో 16 మందికి న్యుమోనియా తోచెను, 45 డిగ్రీల యెత్తున నుంచిన 39 మందిలో ముగ్గురికే. వెల్లకిల నుండియే గొట్టపుటాహారము పొందినవారిలో సరిగా సగముమందికి తోచెను. అన్ని పరిశీలనలలోను ఇంత భేదము కనబడలేదు. ఐనను వెన్నెముక దెబ్బవంటి యడ్డంకి లేనిచో 30 మొదలు 45 డిగ్రీల యెత్తు నేటి యాచారము. రోగి జారుచున్నాడు, మెడ నొచ్చునేమో యని జాలిపడి మంచము దింపుమని నర్సమ్మను వేధింపకుడు. పైకి జరిపించుమని యడుగుడు.

నోరు శుభ్రముగా నుంచుట రెండవది. పూర్వము క్లోర్‌హెక్సిడిను అను మందునీటితో కడుగుట వాడుక. 2022లో అమెరికా నిపుణులు దానిని విడిచి కుంచెతో పండ్లు తోముటనే సూచించిరి. చేతులు కడుగకుండ రోగిని తాకరాదు. నిద్రమందును ప్రతిదినము తగ్గించి, యంత్రము లేక ఊపిరి యాడునేమో చూచుటయు నందులో భాగమే. రోగి మేల్కొని పెనుగులాడుట చూచి కంగారుపడవలదు.

ఒక్క మాట కఠినముగ నున్నను చెప్పవలెను. గొట్టము పెట్టిన రోగి నోటిలో తులసితీర్థమును, గంగను, విభూతినీటిని పోయకుడు. భక్తి తప్పు కాదు, దారి తప్పు. నుదుట నద్దుడు, చెవిలో నామము చెప్పుడు.

గొట్టము తీసిన దినమున ఇంటివారు కొబ్బరినీళ్లు పట్టుకొని వత్తురు. అప్పటికిని మ్రింగుశక్తి తిరిగి రాకపోవచ్చును. పలుదినములు గొట్టమున్న గొంతు మొద్దుబాఱి, నీరు లోనికి జారినను దగ్గురాదు. పొలమారలేదు గనుక సరిగా మ్రింగెనని తలపరాదు. వైద్యులు రోగిని నిటారుగా కూర్చుండబెట్టి, కొలదిగా నీరిచ్చి, కంఠస్వరము తడిసినట్లు మాఱెనా యని పరీక్షించి చెప్పువఱకు ముక్కుగొట్టమే వాని భోజనపాత్ర.