చమురు దేశాలు - ఇంధన వినియోగం

ఒక దేశంలో కర్మాగారాలు, వాహనాలు, విద్యుద్దీపాలు పెరిగిన కొద్దీ ఇంధన వినియోగం పెరుగుతుంది. అందుచేత ఇంధన వాడకాన్ని ఆర్థికాభివృద్ధికి కొలమానంగా చాలామంది భావిస్తారు. కాని చమురును ఎగుమతి చేసే దేశాల విషయంలో ఈ కొలమానం అన్నివేళలా సరిపోదు. ఇందుకు సౌదీ అరేబియా మంచి ఉదాహరణ.

సౌదీ అరేబియా ఎడారి దేశం. ఏడాది పొడుగునా పారే నది అక్కడ ఒక్కటీ లేదు. 1938లో తూర్పు తీరాన దమ్మామ్ వద్ద తవ్విన ఏడవ బావిలో సమృద్ధిగా చమురు పడింది. 1973లో అరబ్బు దేశాలు చమురు సరఫరాను తగ్గించాయి. దానితో కొద్ది నెలలలోనే పీపా ధర సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్లకు చేరువైంది. ఆ రాబడితో రహదారులు, రేవులు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు వెలిశాయి. ఆ తరువాతి కాలంలో కరీంనగర్, నిజామాబాద్ వంటి ప్రాంతాలనుంచి వేలాది తెలుగువారు పనికోసం గల్ఫు దేశాలకు వెళ్లారు.

అభివృద్ధితోపాటు ఇంధన వాడకమూ పెరిగింది. సముద్రపు నీటిలోని ఉప్పును తొలగించి తాగునీరు తయారుచేయడానికి ఇంధనం కావాలి. మండువేసవిలో ఇళ్లను చల్లబరచడానికి విద్యుత్తు కావాలి. ఆ విద్యుత్తు కోసం ముడి చమురునే మండిస్తూ వచ్చారు. ప్రభుత్వం పెట్రోలును, విద్యుత్తును చాలా చౌకగా అందించింది. చౌకగా దొరికే వస్తువును పొదుపుగా వాడేవారు తక్కువ.

చిక్కు ఇక్కడే ఉంది. స్వదేశంలో మండించిన ప్రతి పీపా చమురూ ఎగుమతికి దక్కకుండా పోతుంది. 1986లో చమురు ధర పడిపోయింది, రాబడి తగ్గింది. అయినా ప్రజలకు నీరు, ఇళ్లకు చల్లదనం కావలసిందే గదా! రాబడి పెరిగితే వాడకం పెరుగుతుంది. వాడకం పెరిగినంత మాత్రాన రాబడి పెరగదు. 2014లో ధరలు మళ్లీ పడిపోయాయి. అప్పుడు ప్రభుత్వం 2015 చివర, 2016 ఆరంభంలో పెట్రోలు, విద్యుత్తు, నీటి ధరలను పెంచవలసి వచ్చింది. ఎండకు కొదవలేని ఆ దేశం ఇప్పుడు సౌరవిద్యుత్ కేంద్రాలను నిర్మిస్తున్నది.

నార్వే కూడా చమురు అమ్మే దేశమే. అయితే అక్కడి విద్యుత్తులో అధికభాగం జలశక్తినుంచి వస్తుంది. చమురు రాబడిని భావితరాలకోసం దాచడానికి నార్వే 1990లో చట్టంచేసి ఒక నిధిని ఏర్పరచింది.

కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయంటారు. చమురు బావులూ అంతే. మండించిన ఇంధనం పరిశ్రమగానో, చదువుగానో, ఆరోగ్యంగానో మారితేనే దాని ఫలం దేశానికి మిగులుతుంది.