పసుపెక్కిన చేనుకు యూరియా చల్లేముందు
కంప్యూటరు డాక్టరుకు పాఠం చెప్పేది ఎవరు?

నాటిన నెల రోజులకు చేలో ఆకు పసుపెక్కింది. మీరేం చేస్తారు? పెనుగొండ చుట్టుపక్కల చాలామంది చేసే పని యూరియా చల్లడం. నత్రజని లోపమైతే చేను కోలుకుంటుంది. అదే ఎండాకు తెగులైతే మాత్రం తెగులుకు మేత వేసినట్టే. ఈ తెగులు కనబడితే నత్రజని ఆపాలి. జింకు లోపమైతే వైద్యం మళ్ళీ వేరు.

ఈ తేడా పట్టే పనిని కంప్యూటరుకు అప్పగించాలని ఎన్నాళ్ళుగానో ప్రయత్నాలు జరుగుతున్నాయి. దాన్నే ఎక్స్‌పర్ట్ సిస్టం అంటారు. అది ఒక్కో ప్రశ్నే అడుగుతూ పోయి చివరకు జబ్బు పేరు, మందు చెబుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ వరికి ‘రైస్ క్రాప్ డాక్టర్’ పేరుతో ఒకటి తయారుచేసింది. అగ్గితెగులు, పాముపొడ, ఎండాకు తెగులు, జింకు లోపం, సుడిదోమ, ఉల్లికోడు, ఆకుముడత వంటివి అందులో వున్నాయి.

అయితే కంప్యూటరుకు సొంతంగా ఏమీ తెలియదు. నిపుణుడి బుర్రలోది బయటికి తీసి దానికి ఎక్కించాలి. అసలు చిక్కంతా అక్కడే. పులస పులుసు బాగా పెట్టే ఆవిణ్ణి ఉప్పెంతమ్మా అంటే ‘చూసి వేస్తా’ నంటుంది. శాస్త్రవేత్తలూ అంతే. అమెరికాలోని ఇల్లినాయిస్‌లో సోయాచిక్కుడు తెగుళ్ళపై 1980లో ఫలితాలు వచ్చాయి. నిపుణుడు నోటితో చెప్పిన సూత్రాలు నూటికి 72 సార్లే సరిపోయాయి. తెగులు సోకిన మొక్కల వివరాలనుంచి కంప్యూటరే తీసుకున్న సూత్రాలు 97 సార్లు పైగా సరిపోయాయి. తెలిసినదంతా మాటల్లో పెట్టడం అంత కష్టం.

ఒక్కరినే అడిగితే ఇంకో ఇబ్బంది. తెగుళ్ళాయనకు తెగులే కనబడుతుంది, పురుగులాయనకు పురుగే. అందరినీ కూర్చోబెడదామంటే పెద్దాఫీసరు నోరు తెరిచాక చిన్నవాళ్ళు ‘అవునండి’ అనక ఏమంటారు? దీనికి అరిజోనా విశ్వవిద్యాలయం వారు 1980లలోనే ఒక ఉపాయం కనిపెట్టారు. ఒక గదిలో తలా ఒక కంప్యూటరు. అందరూ ఒకేసారి టైపు చేస్తారు. ఎవరు రాసిందీ తెరమీద కనబడుతుంది, రాసినవాళ్ళ పేరు మాత్రం కనబడదు. తరువాత ఓటు వేస్తారు. ఇలాంటి ‘గ్రూప్‌వేర్’ వుంటే గది కూడా అక్కర్లేదు. మార్టేరులో ఒకరు, రాజేంద్రనగర్‌లో ఒకరు వుండి కలిసి పనిచేయవచ్చు.

ఓట్లతో తెగులు తేలుతుందా అని మీరడగవచ్చు. తేలదు. ఓటు పని వేరు, ఎక్కడ మాట కలవడంలేదో చూపడం. అక్కడ ఆగి, చేలో ఏ గుర్తు చూస్తే తేలుతుందని అడగాలి. ఆకు కొననుంచి అంచుల వెంబడి అలల్లా ఎండుతూ, పొద్దున్నే పసుపు జిగురు బొట్లు కనబడితే ఎండాకు తెగులు. ముదురాకులమీద తుప్పు మచ్చలుంటే జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయాలి. చేను మధ్యలో సుడులుగా ఎండి, దుబ్బుల మొదట్లో పురుగులుంటే సుడిదోమ. కంప్యూటరుకు కావలసింది ఈ గుర్తులే.

ఆ గుంపులో రైతు కూడా వుండాలనేది నా అభిప్రాయం. మార్టేరు పరిశోధనా స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణను ఏళ్ళ తరబడి పండించినవారికి మురుగు దిగని చేలో అదెలా ప్రవర్తిస్తుందో తెలుసు. పైగా ‘సుడి’, ‘తుప్పు’ అనే మాటలు మనవి. కంప్యూటరు ఇంకో మాటలో అడిగితే రైతు తప్పు జవాబు నొక్కుతాడు, మందూ తప్పే వస్తుంది. ఫోటో చూసి తెగులు చెప్పే యాప్‌లు ఇప్పుడు వచ్చాయి గానీ, వాటికి నేర్పే ఫోటోలకు కూడా ముందు ఎవరో తెలిసినవారు సరైన పేరు పెట్టాలి.

ఈలోగా చేను పసుపెక్కితే కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కు ఫోను చేయండి. చేసేముందు గట్టుమీదనుంచి కాక, చేలోకి దిగి చూడండి. రకం ఏది, నాటి ఎన్ని రోజులు, పసుపు లేతాకుకా ముదురాకుకా, అంచునా మధ్యనా, చేనంతా వుందా సుడులుగా వుందా, యూరియా ఎప్పుడు ఎంత వేశారు — ఇవి చీటీమీద రాసి దగ్గర పెట్టుకోండి. అవతలి మనిషైనా, కంప్యూటరైనా అడిగేవి ఇవే.