అంగడిలో పచ్చడియు అప్పడములును కొనుట

మన తిరుమలగిరి దండు ప్రాంతము. ఇచ్చటి గృహములలో అనేకము భార్యాభర్తలిరువురును ఉదయముననే పనులకు బయలుదేరునట్టివి. రోలు మూలకు చేరినది. మిక్సీ యున్నను త్రిప్పుటకు తీరిక లేదు. కావున మా పాఠశాలలో మధ్యాహ్నమున గిన్నెలు తెఱచినపుడు పెక్కింటిలో తెల్లని అన్నమును, దాని ప్రక్క సీసాలోనుండి తీసిన ఎఱ్ఱని పచ్చడియు, నంజుకొనుటకు ఒక అప్పడమో చిప్సు పొట్లమో అగపడును. పనికి పోవు తల్లిని ఇందులకు మేము నిందింపము. అయినను పప్పును కూరయు లేని దినమున ఆ పచ్చడియే బిడ్డకు భోజనమగుచున్నది గదా. దానిని ఎట్లు ఎంచి కొనవలెనో తల్లిదండ్రులకును, అంగడికి పంపబడు పిల్లలకును తెలియుట మంచిదని యెంచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

పచ్చడి యను ఒక్క పేరుతో మనము రెండు వస్తువులను పిలుచుచున్నాము. ఒకటి రోటిపచ్చడి. టమాటాలను మిరపకాయలతో మగ్గించి, ఉప్పు, చింతపండు, వెల్లుల్లి చేర్చి నూఱి, పోపు వేసి, ఆ పూటయే తినునది. రెండవది నిలువపచ్చడి. ఆవకాయ, మాగాయ, గోంగూర, ఎండబెట్టిన టమాటా మొదలగునవి ఇట్టివి. ఇవి నెలల కొలది జాడీలో నుండుటకే పుట్టినవి. రోటిపచ్చడి రుచిని సీసాలో వెదకువాడు తఱచుగా నిరాశపడును. ఏలయనగా నూఱిన టమాటాలో నీరు మెండు. నీరున్న చోట సూక్ష్మజీవులు పెరుగును. ఒక దినము మాత్రమే బ్రతుకు వస్తువును ఆరు మాసములు అలమారలో నిలుపవలెనన్నచో దానికి ఏదో యొకటి చేయక తప్పదు.

ఈ చిక్కు మనకే గాక మెక్సికో దేశస్థులకును కలదు. వారి సాల్సా మన రోటిపచ్చడికి తోబుట్టువు. మూడు కాళ్ల రాతి రోటిలో టమాటా, మిరప, ఉల్లి నూఱి, కొత్తిమీరయు నిమ్మరసమును కలిపి, మొక్కజొన్న రొట్టెల ముక్కలను వేచి దానిలో ముంచుకొని తిందురు. ఆ ముక్కలే టోర్టియా చిప్సు. ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు; మిరపయు, టమాటాయు, మొక్కజొన్నయు మూడును అమెరికా ఖండమున పుట్టినవే. 1498 లో పోర్చుగీసు నావలు మన పశ్చిమ తీరము చేరిన తరువాతి కాలముననే అవి మనకు వచ్చినవి. కొన్ని సీమలలో మన పెద్దలు టమాటాను రామములగ యనిరి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెక్సాసునందలి శాన్ ఆంటోనియో పట్టణమున డేవిడ్ పేస్ అనునతడు 1947 లో ఇట్టి పచ్చడిని సీసాలలో నింపి అమ్మనారంభించెను. నేడు అచ్చట చదువులకేగిన మన తెలుగు యువకులు గోంగూర దొరకని యూరిలో ఈ సాల్సా సీసాతోనే అన్నము కలుపుకొందురని విందుము. మన సికింద్రాబాదులోని పెద్ద దుకాణములలోను అవి అమ్మబడుచున్నవి. అయితే వెల హెచ్చు.

ఇక సీసాలోని వస్తువును నిలుపు ఉపాయములు చెప్పెదము. అవి నాలుగో ఐదో మాత్రమే. ఉప్పు నీటిని లాగివేసి జీవులకు తడి దొరకకుండ చేయును. నూనె పైన తేలి గాలిని అడ్డుకొనును. పులుపు జీవుల పెరుగుదలను ఆపును. పులుపును కొలుచుటకు శాస్త్రజ్ఞులు పి.హెచ్. అను కొలత వాడుదురు. శుద్ధజలమునకు 7, పులుపు హెచ్చిన కొలది అంకె తగ్గును. 4.6 కంటె తగ్గినచో బొట్యులినం అను ప్రాణాంతకమైన విషమును పుట్టించు జీవి పెరుగజాలదు. టమాటా ఈ గీటునకు ఇటునటు ఊగుచుండును గనుకనే చింతపండుగాని, నిమ్మరసముగాని, సిర్కాగాని చేర్చుదురు. నూనెలో వట్టి వెల్లుల్లి వేసి పులుపు లేక నిలువచేయుట అపాయకరమని చెప్పుటకు కారణమిదియే. సాల్సా చేయువారు నాల్గవ ఉపాయమగు వేడిని ఆశ్రయింతురు. మరుగుచుండగనే సీసాలో నింపి మూత బిగింతురు. చల్లారినపుడు లోపల శూన్యమేర్పడి మూత నడుమ లోపలికి గుంటపడును. ఐదవది మందు, అనగా సోడియం బెంజోయేట్ వంటిది. చట్టము అనుమతించిన కొలతలో అది దోషము కాదు. కాని ఉప్పు, నూనె, పులుపు సరిగా నున్న ఆవకాయకు మన అవ్వలు దానిని ఎన్నడును వేయలేదు. వెలయొకటే యైన రెండు సీసాలలో మందు లేనిదానిని తీసికొనుడని మా సలహా.

కావున అంగడిలో మొదట చూడవలసినది సీసా ముందటి బొమ్మ కాదు, వెనుకటి చీటీ. ఇందులోని పదార్థముల పేర్లు బరువు వరుసనే వ్రాయబడవలెనని మన దేశపు నిబంధన. అన్నిటికంటె హెచ్చుగా వేసినది మొదట, తక్కువది చివర. టమాటా పచ్చడి యని పేరుండి, చీటీలో మొదట నూనెయు, తరువాత ఉప్పును, ఆ పిమ్మట టమాటాయు నున్నచో మీరు కొనుచున్నది ఏమో మీకే తెలియును. నూనె యేదియో కూడ చూడుడు. నువ్వులనూనె పచ్చడికి మేలైనది, వెల గలది, వేరుశనగనూనెయు మంచిదే, తవుడునూనె, ప్రత్తిగింజల నూనె, పామోలిన్ చౌక. చౌకనూనె వేసినవాడు దానిని చీటీపై చెప్పినచో అతడు మోసగాడు కాడు. నువ్వులనూనె వెల తీసికొని పామోలిన్ పోయువాడే మోసగాడు. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము ననుసరించి ఇచ్చెడు పదునాలుగు అంకెల సంఖ్యయు, తయారైన తేదీయు, ఎన్నాళ్లలోపల వాడవలెనో ఆ గడువును ఉండవలెను. శాకాహారమునకు ఆకుపచ్చని చుక్క గుర్తు.

వెలను గూర్చి ఒక మాట. 2023 జూలైలో పెక్కు నగరములలో టమాటా కిలో నూఱు రూపాయలు దాటినది. మఱియొక ఋతువున అదే కాయ కొనువారు లేక రైతులు రోడ్డుపై పారబోయుదురు. బోయినపల్లి కూరగాయల మార్కెట్టు మనకు దగ్గఱ. అచ్చట కాయ చౌకగా నుండి ఎండ గట్టిగా కాయు ఫిబ్రవరి, మార్చి మాసములలో టమాటా ఎండబెట్టి పచ్చడి పెట్టుకొనగలిగిన యింటికి ఈ వ్యాసముతో పని లేదు.

రంగు విషయమున జాగ్రత్త మిక్కిలి అవసరము. పిల్లలు ఎంత ఎఱ్ఱగా నున్న అంత మంచిదని భ్రమపడుదురు. మిరపపొడి సహజముగా దినములు గడచిన కొలది ముదురు రంగునకు, గోధుమ చాయకు తిరుగును. గడువు తీరవచ్చినను మెఱపు తగ్గని సీసాను మేము శంకింతుము. సూడాన్ అను ఎఱ్ఱరంగు కలదు. అది మైనమునకు, బూట్ల పాలిషుకు వాడదగినదేగాని తినదగినది కాదు. 2003 లో మన దేశమునుండి పోయిన మిరపపొడిలో ఇది యున్నదని ఐరోపాలో బయటపడెను. 2005 లో బ్రిటనులో ఇట్టి మిరపపొడి కలిసిన యొక సాసు మూలమున కొన్ని వందల రకముల ఆహార వస్తువులను అంగళ్లనుండి తీసివేయవలసి వచ్చెను. కొందఱు చేసిన కల్తీవలన మన రైతులందఱి పేరును చెడినది. నిజమైన ఎఱుపు కావలెనన్న దానికి మందు అక్కఱలేదు. కారము తక్కువయు రంగు హెచ్చును గల మిరపలు మనకు లేకపోలేదు. ఓరుగల్లు ప్రాంతపు చపాట మిరప అట్టిది. దానికి 2025 లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఉప్పు లెక్కను పై తరగతుల విద్యార్థులు తామే చేయవచ్చును. చీటీపై సోడియం అని మిల్లీగ్రాములలో వ్రాసియుండును. దానిని రెండున్నరచే గుణించినచో ఉప్పు వచ్చును. నూఱు గ్రాముల పచ్చడిలో సోడియం 4,000 మిల్లీగ్రాములున్నదనుకొందము. అనగా ఉప్పు 10 గ్రాములు. ఒక పెద్ద చెంచాడు, అనగా పదిహేను గ్రాములు తిన్నచో ఒకటిన్నర గ్రాముల ఉప్పు లోనికి పోవును. మూడు పూటలకు నాలుగున్నర. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024 లో వెలువరించిన సూచనలలో దినమునకు ఉప్పు 5 గ్రాములు మించరాదని యున్నది. అన్నములోను, అప్పడములోను, సాయంత్రపు చిప్సులోను ఉన్న ఉప్పు ఇంకను మిగిలియేయున్నది. ఇంటిలో రక్తపుపోటు గల పెద్దలున్నచో ఈ లెక్కను వారి యెదుట చేసి చూపుడు. పచ్చడి అంచుకే గాని అన్నము కలుపుటకు కాదని మన యమ్మలు చెప్పుమాటకు ఈ లెక్కయే సాక్ష్యము.

కరకరలాడు వస్తువులను గూర్చి క్లుప్తముగా చెప్పెదము. మినపప్పడము మంచి పదార్థము; మినుములు, జీలకఱ్ఱ, మిరియము, ఉప్పు, కొంచెము సోడాక్షారము. దానిని నిప్పుపై కాల్చినచో నూనె ఖర్చే లేదు. వేచిన చిప్సులకు శత్రువు గాలి. ప్రాణవాయువు తగిలిన నూనె చెడి వెగటు వాసన వచ్చును. అందుచేత పొట్లములో గాలికి బదులు నత్రజని నింపుదురు. ఉబ్బియున్న చిప్సు పొట్లము మంచిది, మెత్తబడినది కారుచున్నది. ఉబ్బిన పచ్చడి మూత మాత్రము దీనికి విరుద్ధము. లోపల ఏదో పులిసి వాయువు పుట్టినదని తెలిసికొని దానిని ముట్టరాదు. టోర్టియా చిప్సు కొనువారు చీటీలో మొక్కజొన్న మొదట ఉన్నదా, సున్నముతో వండిన మాట కలదా యని చూడుడు. మెక్సికోవారు మొక్కజొన్నను సున్నపునీటిలో ఉడికింతురు. అది వాసనకొఱకే కాదు. అట్లు చేయనిచో అందలి నయాసిన్ అను జీవపోషకము శరీరమునకు అందదు. ఆ పద్ధతి నేర్వక మొక్కజొన్ననే తిని బ్రతికిన ఐరోపాలోని బీదలు పెల్లాగ్రా యను చర్మవ్యాధిచే ఎంతయో బాధపడిరి.

పెద్ద కంపెనీల సీసాలే కొనవలెనా యని కొందఱు తల్లిదండ్రులు అడుగుచుందురు. పెద్ద కంపెనీ సీసాకు ఒక గుణము కలదు; నేడు కొన్నది నిన్నటివలెనే యుండును. హైదరాబాదున 1980 లో ఆరంభమైన ప్రియా పచ్చళ్లు దేశాంతరములలోని తెలుగువారికిని తెలిసినవి. అయితే మన వీధులలో ఇంటివద్దనే పచ్చడి పెట్టి అమ్ముకొని బిడ్డలను చదివించుకొను స్త్రీలు కలరు. వారిచేతి మాగాయకు సాటి వచ్చు సీసా మేము చూడలేదు. 1959 లో బొంబాయిలో ఏడుగురు స్త్రీలు ఎనుబది రూపాయలు అప్పు తెచ్చి అప్పడములు ఒత్తనారంభించిరి. అదియే నేటి లిజ్జత్ సంస్థ. ఇంటివద్ద చేయువారును చట్టప్రకారము నమోదు చేసికొనవలసినదే. తేదీ వ్రాసి అంటించుటకు ఒక కాగితపు ముక్క చాలును. నూనె యేది, ఎప్పుడు పెట్టిరి అని మొగమాటము లేక అడుగుడు. బాగుగా చేయునామె సంతోషముతో చెప్పును. కోతపండుగనాడు ఆలయములో వేలము వేయు జాడీలను ఎవరు పెట్టిరో అందఱకును తెలియును గనుకనే అవి అంత వెల పలుకుచున్నవి.

తెఱచియుంచిన డబ్బాలనుండి గరిటెతో తీసి తూచి యిచ్చు పచ్చడికి చీటీయు లేదు, తేదీయు లేదు. ఎంత చౌకయైనను పిల్లలకు అది కొనరాదు.

ఇంటికి తెచ్చిన తరువాత సీసా చెడినచో దోషము తఱచుగా చెంచాదే. తడి చెంచా, ఎంగిలి చెంచా పెట్టరాదు. పెద్ద సీసా కొన్నవారు వారమునకు సరిపడునంత చిన్న గాజుపాత్రలోనికి తీసికొని, మిగిలినదానిపై నూనె తేలియుండునట్లు చూడవలెను. సాల్సా వంటి నీటి పచ్చడిలో కాపుగాయుటకు నూనె లేదు. మూత తీసిన క్షణమునుండి అది మరల రోటిపచ్చడియే. దానిని శీతలపేటికలో నుంచి, చీటీపై చెప్పిన దినములలో ముగింపవలెను. అప్పడములను గట్టిమూత గల డబ్బాలో వేసి, వానకాలమున నడుమనడుమ ఎండలో పెట్టుడు. పచ్చడిపై బూజు కనబడినచో పైపొర తీసివేసి క్రిందిది వాడు అలవాటు మన యిండ్లలో కలదు. బూజు దారములు కంటికి అగపడక లోనికి దిగియుండును. కావున జాడీ యంతయు పారవేసి, మరుగు నీటితో కడిగి, ఎండలో ఆరబెట్టిన పిమ్మటనే దానిలో క్రొత్త పచ్చడి పోయవలెను.